సగం అరటిపండు

వదినకు, నీ మరదలు నమస్కరించి రాయునది.

ముందు నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. నేను గబగబా తింటాను కాబట్టే కడుపు ఉబ్బుతోందని రాశావు. గబగబా తినేది నువ్వు. నేను మొదటి ముద్ద కలుపుకునేసరికి నువ్వు చెయ్యి కడుక్కుని వచ్చి, కూరలో ఏం తక్కువైందో చెప్పేదానివి. ముప్పై ఏళ్ళు ఒకే వంటింట్లో ఉండి ఈమాత్రం గుర్తులేదంటే, ఆపరేషన్ చేయాల్సింది నీ కంటికి కాదు.

ఇక కడుపు సంగతి. రాత్రి భోజనమయ్యాక రాయి మింగినట్టుంటోంది. మంట, తేన్పులు. నువ్వు కంటి ఆపరేషన్‌కు పది రోజులని చెప్పి కూతురింటికి వెళ్ళి రెండు నెలలైంది. దీనికీ రెండు నెలలే. రెంటికీ సంబంధమేమీ లేదు, తేదీ తెలియడానికి రాశాను.

మొదటి డాక్టరు గ్యాసన్నాడు. రెండో ఆయన వయసన్నాడు. మూడో ఆవిడకు మన మనవరాలి వయసుంటుంది. ఆ పిల్ల ఏమీ అనకుండా, రెండు వారాలు తిన్నదల్లా ఒక నోటుబుక్కులో రాసి తెమ్మంది. నాకేం భయం? బళ్ళో ఎన్ని వేల నోటుబుక్కులు దిద్దిన చెయ్యి ఇది! మార్జిన్ గీసి, ఎర్రసిరాతో తేదీలు వేసి మరీ ఇచ్చాను.

ఇట్లు,
కడుపు తప్ప అంతా క్షేమంగా ఉన్న మరదలు

తా.క.: ఒక పేజీ నకలు పంపుతున్నాను. “ఉదయం: గంజి, అరగ్లాసు. మధ్యాహ్నం: అన్నం, ఒక గరిటె, ఉడికించిన కూర. రాత్రి: సగం అరటిపండు.” దస్తూరీ చూసి డాక్టరమ్మ ముచ్చటపడింది.

* * *

మరదలికి వదిన ఆశీస్సులు.

ఏమే, అది నోటుబుక్కా, జైలు తిండి జాబితానా? సగం అరటిపండుతో బతికే మనిషికి కడుపుబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చిందే? మిగతా సగం ఏం చేశావు? మా అల్లుడు పుండంటున్నాడు. ఎదురింటి కాంపౌండరు పురుగులంటున్నాడు. మా అమ్మాయి ఇద్దరికీ తలూపుతోంది.

నాకు మాత్రం అర్థమైంది. నువ్వు తిండి మానేసి కూర్చున్నావు. ఆ నకలు రాసింది ఆసుపత్రి చీటీ వెనకే కదా, చిరునామా దొరికింది. డాక్టరమ్మకు నేనే ఒక ఉత్తరం రాసి పడేశాను. “మా మరదలు మొండిది. తిండి మానేసి చిక్కి శల్యమవుతోంది. కాస్త గట్టిగా బెదిరించండి” అని.

ఇట్లు,
నీ మేలు కోరే వదిన

తా.క.: కంటికట్టు విప్పారు. అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. మసకే నయం.

* * *

వదినకు మరదలి నమస్కారం, నీ వయసుకు మాత్రమే.

నీ ఉత్తరం నాకందింది. డాక్టరమ్మకూ అందింది. అదే కొంప ముంచింది.

చిక్కి శల్యమైన మనిషెక్కడా అని ఆ పిల్ల నన్ను బరువు చూసే మిషను మీద నిలబెట్టింది. పాత కార్డులో ఉన్నదానికి నాలుగు కిలోలు ఎక్కువ! సగం అరటిపండుతో నాలుగు కిలోలు పెరిగిన మనిషిని ఆ ఆసుపత్రిలో ఇంతవరకూ ఎవరూ చూళ్ళేదట. ఇంకో ఇద్దరు డాక్టర్లను పిలిచి చూపించింది. వాళ్ళలో ఒకాయన నా పొట్ట మీద తలుపు తట్టినట్టు తట్టి, “అరుదైన కేసు” అని సంబరపడ్డాడు. డాక్టరు సంబరపడితే రోగి ఏడవాలి.

నీరు చేరిందేమో, గడ్డేమోనని వాళ్ళ అనుమానం. సోమవారం గొంతులోంచి దీపమున్న గొట్టం దింపి చూస్తారట. దగ్గర బంధువు పక్కనుండి సంతకం పెట్టాలట. “ఎవరున్నారు బామ్మగారూ?” అంది నర్సు. “ఉన్నారు, ప్రస్తుతానికి ఊళ్ళో లేరు” అన్నాను.

ఇట్లు,
అరుదైన కేసు

తా.క.: పై వాటాలో టైలరు వస్తానన్నాడు. బంధుత్వమేమిటని అడిగితే, నా కొలతలన్నీ తెలుసని చెబుతాడట.

* * *

ఒసే మరదలా,

ఆశీస్సులు తర్వాత, ముందు చీవాట్లు. కంటి డాక్టరు ఇంకో పది రోజులు బస్సెక్కొద్దన్నాడు. లేకపోతే ఇదంతా నీ ఎదురుగా నిలబడి అరిచేదాన్ని. నీ పక్కన కూర్చుని ముప్పై ఏళ్ళు తిన్నానే నేను! అరటిపండును సగంలో ఆపడం నీ తరం కాదు. ఆ పుస్తకం అబద్ధం. సోమవారంలోపు వెళ్ళి నిజం చెప్పు, నాకు కాదు, ఆ పిల్లకి. నీకు సిగ్గయితే నేనే మళ్ళీ రాస్తాను. నా ఉత్తరాలు ఏం చేస్తాయో చూశావుగా.

ఇట్లు,
ఊళ్ళో లేని బంధువు

తా.క.: ఇక్కడ నేనేమన్నా “అలాగే అమ్మా” అంటారు. ఎదురు చెప్పేవాళ్ళే లేరు. నాకూ ఏమీ అరగడం లేదు.

* * *

వదినకు,

శనివారమే వెళ్ళి చెప్పేశాను. ఆ పుస్తకంలో రాసినవి నేను తిన్నవి కావు, తినాల్సినవి. ఒకరి చేతికి దిద్దడానికిచ్చే పుస్తకంలో తెలిసి తెలిసి తప్పులెలా రాస్తాను?

“మరి తిన్నవేమిటి బామ్మగారూ?” అంది డాక్టరమ్మ, కలం మూసి.

చెప్పాను. ఒక గ్లాసు బియ్యం చాలని నాకు తెలుసు. చెయ్యి వింటేనా? రెండోసారి దానంతటదే డబ్బాలోకి వెళ్తుంది. రెండు కంచాలూ అలాగే వడ్డించేస్తాను. నాది తిని, రెండోదాని మీద మూతపెట్టి కాసేపు చూస్తాను. ఎవరూ రారు. ఒళ్ళు మండుతుంది. అన్నం పారేయడం మన ఇంటా వంటా లేదు కనక అదీ తినేస్తాను. కోపంతో తిన్నది ఎక్కడ అరుగుతుంది?

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నవ్వాపి, “ఆ కంచం తాతగారిదా?” అని మెల్లగా అడిగింది.

“ఆయన పోయి పన్నెండేళ్ళయింది. పోయాక ఆయనకు ఒక్క పూటా వడ్డించలేదు” అన్నాను. “ఇది ఆయన అక్కగారిది.”

గొట్టం వాయిదా పడింది. రెండు వారాలు ఒకే గ్లాసు, ఒకే కంచం. అప్పటికీ తగ్గకపోతే గొట్టమే.

ఇట్లు,
నీ మరదలు

తా.క.: నీకో పని. మనింట్లో గిన్నెలన్నీ ఇద్దరివి, గ్లాసు బియ్యం పోస్తే అడుగంటిపోతోంది. ఇక్కడ కొట్లలో అంత చిన్నవి దొరకడం లేదు. మీ అమ్మాయి వీధిలో పాత్రల కొట్టుంటే, ఒంటి మనిషికి సరిపడే గిన్నె ఒకటి కొను. అడుగు దళసరిగా ఉండాలి, మూత కదలకుండా కూర్చోవాలి. పది రోజులాగి పార్సిల్ చెయ్యి. ఈలోగా నీకు బస్సెక్కే బుద్ధి పుడితే, గిన్నె కొట్లో తిరిగిచ్చేసి రా. రసీదు మాత్రం పారేయకు.