కుంటలో చేపలు, సొట్టగిన్నె

ఈరమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉల్లి పైరుకని తవ్విన కుంటలో నువ్వు వదిలిన చేపలను ఇవాళ అమ్మేశాను. ఎండలకు నీళ్లు మోకాలిలోతుకు దిగాయి. ఇంకో వారం ఆగితే అవీ దక్కేవి కావు.

"కోడుమూరులో మనుషులకే నీళ్లు లేవు, చేపలకా?" అని నిన్ను ఎగతాళి చేసినవాణ్ణి నేనే. నీళ్లు లేని ఈ ఊళ్లో మా నాయన బాతులు పెంచబోయిన కథ ఇక్కడ చెప్పాలి గానీ, నీకది కంఠతా వచ్చు. నువ్వు పోయాక చేపల మేతకు పెద్ద ఖర్చేమీ కాలేదు. ఇంట్లో తవుడు, గానుగలో నూనె తీయగా మిగిలిన చెనిక్కాయ చెక్క సరిపోయాయి. నీలాగే సొట్టగిన్నె తట్టి వేశాను. చప్పుడు వింటే చాలు, చేపలన్నీ గట్టుకు వచ్చేవి.

ఇవాళ వల వేయడానికి వచ్చిన మాబు నవ్వాడు. "వల ఎందుకు పెద్దాయనా? అవ్వ మాదిరి గిన్నె తట్టు, అన్నీ ఈడికే వస్తాయి. గంపతో ఎత్తుకో. నా కూలి మిగుల్తాది నీకు."

గిన్నె చేతిలోకి తీసుకున్నాను.

"వలే వెయ్యప్పా," అన్నాను.

"దుడ్లు శానా ఉండాయా ఏమి నీకు?"

వల కూలి పోగా మిగిలింది కొంచెమే. నువ్వుంటే తిట్టేదానివి. కానీ మేతకని పిలిచి గంపకెత్తడం నాకు చేతకాలేదు.

వానలు పడితే మళ్లీ చేపపిల్లలు వదులుతాను. ఈసారి చప్పుడు చేయకుండా మేత వేస్తాను.