లప్పం కింద పలక

మీకు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట చెయ్యి దానంతట అదే రాసేసేది. ఈసారి రాశాక లేచి వెళ్ళి, మంచం మీద పడుకున్న పాపను ఓసారి తడిమి చూసి వచ్చి కూర్చున్నాను.

మీరు అడిగినవి ముందు చెప్తాను. అత్తయ్య మోకాలు కాస్త నయం. పాపకు ముందు పన్ను ఊడింది, నవ్వితే అచ్చం మీ పోలికే. ఇక పడవ సంగతి. పనివాడెందుకు, అడుగు రంగు నువ్వే వెయ్యగలవని మీరు మునగచెట్టు ఎక్కించారు. నేనూ ఎక్కాను.

పెరట్లో పడవను బోర్లించి, తలకు పాత తువ్వాలు చుట్టుకుని, రేకుతో పాత రంగు గీకడం మొదలుపెట్టాను. ముక్కునిండా దుమ్ము, గోళ్ళనిండా ఎరుపు. "రంగు పడవకేనా, నీక్కూడానా?" అని అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఒకటే నవ్వు.

"వెనక వైపు ఎక్కువ గీకకు, పైపైన పూత వేస్తే చాలు" అని రాశారు కదా. నా సంగతి మీకు తెలిసిందే, వద్దంటే చేతులు ఊరుకోవు. అక్కడే గట్టిగా గీకాను. అరచేతంత లప్పం పెచ్చు ఊడిపడింది. కింద పలక నల్లగా ఉంది. వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది! అది చెక్క కాదండీ, నానిన అట్ట. పోయిన ఏడాది ఆ అడుగుకు రంగు వేసింది మీరొక్కరే. ఆ తర్వాత ఎన్నిసార్లు అందరం అందులో ఎక్కాం! తెడ్డు వేస్తూ పాటలు కూడా పాడారు. తెలిసే కూర్చోబెట్టారా మమ్మల్ని? ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మిమ్మల్ని నాలుగు తిట్టి ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఇంకా ఉంది.

"ఏమైందే, చప్పుడు లేదు?" అంటూ అత్తయ్య లేచారు. కొడుకు చేసిన పని ఆవిడ కంట పడకూడదనిపించింది. నేనేం చేశానో తెలుసా? డబ్బాలో మిగిలిన లప్పం ఆ బొక్కలో కూరి, నున్నగా అద్ది, మీద రంగు కొట్టేశాను. మీకు రాసి అడుగుదాం, అందాకా పడవ పెరట్లోనే ఉంటుందిలే అనుకున్నాను.

మర్నాడు బజారు నుంచి వచ్చేసరికి పెరట్లో పడవ లేదు, ఇంట్లో పాప లేదు. "కొత్త రంగు బాగుందని మీ మరిది ఏటికి తీసుకుపోయాడు, పాప కూడా వెళ్ళింది" అన్నారు అత్తయ్య. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలీదు, పరిగెత్తాను. మీ తమ్ముడు పాపను భుజాన వేసుకుని నడుంలోతు నీళ్ళలో నడిచి వస్తున్నాడు. వెనక పడవ అంచుల దాకా మునిగి ఉంది. ఇంకాస్త లోపలికి వెళ్ళి ఉంటే? ఆ మాట రాయలేను.

"వదినా, ఏ రాయికో కొట్టించినట్టున్నా. నువ్వింత కష్టపడి రంగేస్తే నాశనం చేశాను. నన్ను క్షమించు" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. "పర్లేదులే" అన్నాను. నేనే అన్నాను! ఆ గొంతు నాదేనా?

ఆ రోజు నుంచి అతను సరిగ్గా అన్నం తినడం లేదు, పాపను ఎత్తుకోవడానికే భయపడుతున్నాడు. ఈ ఉత్తరం అంటించగానే వెళ్ళి నేను చేసింది చెప్పేస్తాను. మీ పేరెత్తను. మీరు చేసింది మీరే చెప్పాలి. జవాబు నాకు రాయకండి. అతనికి రాయండి.

ఇట్లు,
మీ తమ్ముడి వదిన