పాత ముప్పై ఆరు, కొత్త పది

నీ మెతకతనమే నిన్ను చంపింది, ఓబులేసూ. ఫ్యాక్టరీలో కొత్త మీటరు అమ్మోనియాను సెకనుకు మోల్స్‌లో చూపిస్తుంది, గోడ మీది పాత పట్టిక గంటకు కిలోమోల్స్‌లో చెబుతుంది. పాత ముప్పై ఆరు అంటే కొత్త పది. ఆ మాట నువ్వు మీటరు పక్కన సుద్దముక్కతో రాసేవాడివి, తనిఖీ ఉందంటే మేనేజరు తుడిపించేవాడు. కొట్లాడరా అంటే నవ్వేవాడివి. "తుడిస్తే మళ్లా రాస్తాలేన్నా, సుద్దముక్కకేం కరువా?"

ఆ రోజూ తుడిపించారు. కొత్త ఆపరేటరు పట్టిక చూసి, మీటరు ముప్పై ఆరు చూపేదాకా వాల్వు తెరిచాడు. మూడున్నర రెట్లకు పైగా గ్యాసు తోసుకొచ్చి గొట్టం అతుకు ఊడింది. వాల్వు మూయడానికి లోపలికి పోయింది నువ్వు.

నేటికి ఏడాది. పొద్దున విచారణ నివేదిక చదివి వినిపించారు. మృతుడికి లెక్క తెలియకపోవడమే కారణమట! "పోయినోని మాట ఇంకేలన్నా, వానికి లెక్క రాదు" అన్నాడు మేనేజరు. నేను ఆయన బల్ల మీదే సుద్దముక్కతో రాశాను: సెకనుకు ఒక మోల్ అంటే గంటకు 3.6 కిలోమోల్స్. "పాత ముప్పై ఆరు కొత్త మీటరులో ఎంతప్పా? నువ్వు చెప్పు" అన్నాను. ఆయన ఫోను తీసి కాలిక్యులేటరు వెతికాడు. "మా ఆయప్ప నోటిలెక్కన చెప్తాండె" అంది నీ భార్య లక్ష్మి.

మీ ఊరు నల్లమాడ నుంచి మీవాళ్లూ వచ్చారు. అందరం గేటు ముందే కూర్చున్నాం. అడిగేవి ఇవి:

నివేదికలో ఆ వాక్యం కొట్టేయాలి.
సుద్దరాత తుడిపించిందెవరో అందులో రాయాలి.
పట్టికా మీటరూ ఒకే కొలతలో ఉండాలి.
అంతవరకు మీటరు పక్కన నీ రాత ఉండాలి, దాన్ని ఎవరూ తుడవకూడదు.