లీష్‌మన్ గారి తొలి అడుగు

బెన్‌లోక్ రేవు, నోవా స్కోషియా
1886 డిసెంబరు 6

గౌరవనీయులు శ్రీ గిల్బర్ట్ లీష్‌మన్ గారికి,

ఆసుపత్రి సంఘం కార్యదర్శి యూఫీమియా రాటరీ నమస్కరించి రాస్తున్నది. మేము క్షేమం. మీరూ క్షేమమే. ఇప్పుడే కిటికీలోంచి చూశాను, కొట్టు ముందు మంచు తోస్తున్నారు. వీధి దాటి వచ్చి చెప్పే మాటకు ఉత్తరమెందుకంటారేమో, సంఘం వ్యవహారమంతా కాగితం మీదే జరగాలని పాస్టరు గారి పట్టు.

మీరు కట్టించి ఇచ్చిన ఆసుపత్రికి సున్నం వేయడం అయిపోయింది. కొత్త సంవత్సరం రోజున తెరవాలని తీర్మానించాం. తాళ్లూ టీ పొడీ దీపాల నూనే అమ్ముకుంటూ ఊరికి మీరింత ఉపకారం చేశారు. అలాంటి మీరు చలిలో వచ్చి నిలబడితే మాకు బాధ. ఆ రోజు హాయిగా ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చోండి. అక్కడి విశేషాలన్నీ సాయంత్రానికి నేనే రాసి పంపుతాను.

ఇట్లు, మీ శ్రేయోభిలాషి,
యూఫీమియా రాటరీ

తా.క. మీ కనుబొమ్మలకు ఎప్పుడూ బొగ్గు మసి అంటుకుని ఉంటుందని మా అత్తగారు చెప్పమంటున్నారు. ఏమీ అనుకోకండి.


డిసెంబరు 8

శ్రీమతి రాటరీ గారికి,

గిల్బర్ట్ లీష్‌మన్ నమస్కారాలు. నా ఆరోగ్యం గురించి సంఘానికి ఇంత బెంగ ఉందని తెలిసి మనసు కరిగిపోయింది. చలి నన్నేం చేయదు. పన్నెండేళ్ల వయసులో అబర్డీన్ రేవులో చేపల బుట్టలు మోసినవాణ్ణి.

నాకు శిలాఫలకం వద్దు, పూలదండ వద్దు, పాస్టరు గారి ప్రసంగం అసలే వద్దు. ఒక్కటే కోరిక. మన స్కాట్లాండు ఆచారం ప్రకారం కొత్త ఏడాది ఆ గడప మొదట తొక్కేది నేనై ఉండాలి. శుభానికి గుర్తుగా చేతిలో బొగ్గు ముక్క, రొట్టె, కాస్త ఉప్పు పట్టుకుని లోపలికి నడుస్తాను. అంతే. ఈ ఊరొచ్చినప్పటి నుంచీ ఒక్క ఇంటి గడపైనా అలా తొక్కాలని చూస్తున్నాను. కుదరడం లేదు. ఈ గడప నేను కట్టించిందే కాబట్టి ఇక్కడైనా కుదురుతుంది కదా.

ఇట్లు,
గి. లీష్‌మన్

తా.క. సబ్బుతో రెండుసార్లు కడిగాను. కనుబొమ్మలు అలాగే ఉన్నాయి. మీ అత్తగారి కళ్లద్దాలు తుడవాలేమో చూడండి.


డిసెంబరు 11

గౌరవనీయులు లీష్‌మన్ గారికి,

మీ ఉత్తరం సంఘంలో చదివి వినిపించాను. డాక్టరు గారు నీళ్లు అడిగారు. నర్సు గిలీస్, ‘అలా అయితే మొదటి రోజే నేను ఉద్యోగం మానేస్తాను’ అని ఏడ్చింది. చివరికి అందరికీ అనుకూలంగా ఒక ఏర్పాటు చేశాం.

గడప మొదట తొక్కడానికి టావిష్ మక్‌ఫీని పిలిచాం. వంటింటి వైపు ఒక తలుపుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీరు అటు నుంచి దయచేయవచ్చు. కాస్త చీకటి పడ్డాక అయితే ఇంకా మంచిదని పాస్టరు గారి అభిప్రాయం.

టావిష్ తాగుతాడని మాకూ తెలుసు. పోయినేడు పెళ్లిలో బాజాల వాడి మీద పడ్డదీ అతడే. అయితే అతని జుట్టు చూడండి, ఎంత నిగనిగలాడే నలుపో. మిగతా సంగతి మీరే అర్థం చేసుకుంటారని సంఘం ఆశ.

ఇట్లు,
యూ. రాటరీ

తా.క. వంటింటి తలుపు కూడా ముచ్చటైనదే. గడియ ఇత్తడిది.


డిసెంబరు 13

శ్రీమతి రాటరీ గారికి,

ఇత్తడి గడియ సంగతి నాకు తెలుసు. కొన్నది నేనే.

ఆసుపత్రికి ఒక్క మేకు కూడా ఇవ్వని టావిష్ ముందు తలుపులోంచి, నేను వంటింట్లోంచీనా? జుట్టు నిగనిగలాడుతోందట. జుట్టు సంగతికొస్తే నేనేం తక్కువ తిన్నాను?

నాకిప్పుడు అంతా అర్థమవుతోంది. ఏటా కొత్త సంవత్సరం వేళ చేతిలో బొగ్గు, చంకలో కేకు పెట్టుకుని వీధి చివరి దాకా తలుపులు తడతాను. లోపల ఫిడేలు వినిపిస్తుంది, నవ్వులు వినిపిస్తాయి. నేను తట్టగానే ఫిడేలు ఆగిపోతుంది. ఒక్క తలుపూ తెరుచుకోదు. అలిసి నిద్రపోతున్నారేమోలే అని నాకు నేనే చెప్పుకుని, ఇంటికొచ్చి ఆ కేకు ఒక్కణ్ణే తింటాను. ఒక్కడే తినే కేకు ఎలా ఉంటుందో మీకు తెలియదు. తూకాలు వేసేవాణ్ణని చిన్నచూపు అని ఇన్నాళ్లకు తెలిసింది.

ఆసుపత్రి తాళంచెవి దీనితో పంపుతున్నాను. ఊరికి ఇచ్చింది ఊరిదే, వెనక్కి అడగను. కానీ ఈ నెలాఖరు ఓడకు స్కాట్లాండు వెళ్లిపోతున్నాను. అక్కడైతే మా అక్కయ్య తలుపు తీస్తుంది.

సెలవు,
గి. లీష్‌మన్

తా.క. మీరు ఉత్తరాల్లో తప్ప నాతో మాట్లాడరెందుకని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇక అనుకోను.


డిసెంబరు 14, పొద్దున్నే

లీష్‌మన్ గారూ,

ఇది సంఘం ఉత్తరం కాదు, నాది. పాస్టరు గారికి తెలియదు.

మీరు తూకాలు వేస్తే చిన్నచూపేమిటండీ. మీరు అప్పివ్వకపోతే మంచు నెలల్లో ఈ వీధిలో సగం పొయ్యిలు వెలగవు. మీరు నిజంగానే తెలియనట్టు రాస్తున్నారో, మమ్మల్ని ఆటపట్టిస్తున్నారో అర్థం కాక చెప్పేస్తున్నాను. మీ జుట్టు ఎరుపు.

కొత్త ఏడాది మొదట నల్ల జుట్టు మగవాడు గడప తొక్కితే శుభమనీ, ఎర్ర జుట్టువాడు తొక్కితే ఏడాదంతా అరిష్టమనీ స్కాట్లాండులో పుట్టిన మీకు నేను చెప్పాలా? అదీ ఆసుపత్రి గడప. మొదటి రోగికి ఏమైనా అయితే ఇక ఒక్కరైనా ఆ మెట్లెక్కుతారా? జాలర్లు పొద్దున్నే మీ కొట్టు ముందు నుంచి వెళ్లకుండా చుట్టు తిరిగి పడవలెక్కేది కూడా అందుకే. మీకెంత మేలు చేసే గుణముందో ఊరందరికీ తెలుసు కనకనే ఈ మాట మీ మొహం మీద చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

మా ఆయన పోయాక ఇంట్లో ఉన్నది నేనూ అత్తగారే. మీరు తట్టినప్పుడల్లా తెర చాటు నుంచి చూసేదాన్ని. చెయ్యి గడియ దాకా వెళ్లేది. మా అత్తగారు గౌను పట్టి వెనక్కి లాగేవారు. ఎప్పుడూ మనసుకు కష్టంగానే ఉండేది. దయచేసి ఊరు విడిచి వెళ్లకండి.

మీ,
యూఫీమియా

తా.క. చెవుల దాకా దిగే టోపీ పెట్టుకుంటే ఫరవాలేదేమో అని అత్తగారిని అడిగాను. దేవుడికి టోపీ అడ్డమా అన్నారు.


డిసెంబరు 14, మధ్యాహ్నం

యూఫీమియా గారికి,

మీ ఉత్తరం చదివి, కొట్టు మూసి, అద్దం ముందు కూర్చుని నవ్వుతున్నాను. పక్కింటి వాళ్లు ఏమనుకుంటున్నారో తెలియదు. దీనితో ఒక పొట్లం పంపుతున్నాను. విప్పేటప్పుడు అత్తగారిని దూరంగా కూర్చోబెట్టండి. అది కరవదు.

అదే నా ఎర్ర జుట్టు.

ఓడలో జ్వరం తగిలి తల మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. రేవులో దిగితే, అంటురోగమేమో అని ఎవరూ పనివ్వలేదు. దివాలా తీసిన నాటకాల వాళ్ల సామాను వేలం వేస్తుంటే ఒక విగ్గు కొన్నాను. ధర చూశాను, రంగు చూడలేదు. పొదుపు తప్ప ఇంకేమీ చూడని స్కాట్లాండు వాణ్ణి కదా. అది అరిగిపోయాక ఊరు గుర్తుపట్టాలని అదే రంగు మళ్లీ తెప్పించాను. ఇంటికి రాగానే తీసి మేకుకు తగిలిస్తాను. అద్దంలో నాకు కనిపించేది నల్ల కనుబొమ్మల బట్టతల మనిషి. పుట్టింది బొగ్గు లాంటి జుట్టుతో. అబర్డీన్‌లో కొత్త సంవత్సరం వస్తే నన్ను తీసుకెళ్లడానికి వీధులు పోట్లాడుకునేవి. అదే ధీమాతో, నా కన్నా శుభమైన మనిషి ఎవడని, నెత్తిన ఆ ఎర్ర బుట్ట పెట్టుకుని మీ తలుపులు తట్టాను. అందరిలో పెద్ద వెర్రివాణ్ణి నేనే.

టిక్కెట్టు వాపసు ఇచ్చేశాను. కొత్త సంవత్సరం రోజున బోడి తలతో వస్తాను. సంఘం ఏమంటుందో కనుక్కోండి.

ఇట్లు, ఎదురింటి
గిల్బర్ట్

తా.క. టావిష్ జుట్టు గురించి ఒక మాట. వాడు వారానికో డబ్బా బూటు పాలిష్ నా కొట్లోనే కొంటాడు. వాడికి బూట్లు లేవు. అసలు రంగు ఏమిటో వాళ్లమ్మని అడగండి, అది వింటే మీ అత్తగారు మంచం దిగరు.

ఇంకో తా.క. ఆసుపత్రి కంటే ముందు మీ తలుపే తడతాను. నా కనుబొమ్మల మీద ఇంకా అనుమానముంటే తడి గుడ్డ సిద్ధంగా పెట్టుకోండి, ఎంతసేపైనా రుద్దుకోవచ్చు. కేకు ఈసారి ముగ్గురికి సరిపడా చేయిస్తున్నాను.