ఉంగరం ఊడే దాకా

జులై 6, ఆదివారం. తెనాలి.

నవంబరులో హెలెన్ పోయింది. ఆ తర్వాత ఈ డైరీ తెరవలేదు. ఇవాళ పని పడింది.

కుడిచేతి ఉంగరం వేలు వారం నుంచి తిమ్మిరెక్కుతోంది. ఉదయం చూస్తే రెండు పక్కలా కండ పొంగి ఉంగరం సగం మునిగిపోయింది. పెళ్లి ఉంగరం. సబ్బు రాశాను. కొబ్బరినూనె రాశాను. ఐసు నీళ్లలో పావుగంట ముంచాను. చల్లబడితే వస్తువులు కుంచించుకుపోతాయని బాపట్ల కాలేజీలో ఇరవై ఏడేళ్లుగా ఫిజిక్స్ పాఠం చెబుతున్నాను. నా వేలు ఆ పాఠం వినలేదు.

సాయంత్రం కంసాలి వీరాచారి దగ్గరికి వెళ్లాను. ఈ ఉంగరం చేసింది వాళ్ల నాన్న.

"కోస్తే రెండు నిమిషాల పని మాస్టారూ."

"వద్దు."

"మళ్లీ అతికిస్తానండి. అతుకు కనపడదు కూడా."

"వద్దన్నాను కదా."

వీరాచారి నా వేలు తిప్పి చూశాడు. తర్వాత నా పొట్ట వైపు చూశాడు.

"అయితే ఒళ్లు తగ్గాలండి. నెల రోజులు చూద్దాం. వేలు రంగు మారిందంటే మాత్రం మీరు వద్దన్నా కోసేస్తా."

పెళ్లినాటికి నేను యాభై ఆరు కేజీలు. ఉంగరం వదులై చర్చి మెట్ల మీదే జారి పడింది. మర్నాడు హెలెన్ దానికి తెల్లదారం చుట్టి తొడిగింది. ఆరు నెలలకు దారం విప్పేసింది. "నా వంటతో బిగించాను" అని చుట్టాలందరికీ చెప్పుకునేది. ఆ రోజు నుంచి ఇరవై తొమ్మిదేళ్లుగా ఇది వేలు దిగలేదు.

నిర్ణయం: ఆగస్టు 6 లోపల ఆరు కేజీలు తగ్గాలి. ఉంగరం కోయకుండా ఊడాలి.

జులై 7, సోమవారం.

ఉదయం 6:30. బసవేశ్వరరావు కిరాణా కొట్లో బియ్యం బస్తాల కాటా ఎక్కాను. 91.

నాకు వంట రాదు. అన్నం కుక్కర్లో పడేస్తాను. మిగతాదంతా బయటి తిండి. కాబట్టి జాగ్రత్త పడాల్సింది హోటల్లో, కొట్లో. నియమాలు రాసుకున్నాను.

1. హోటల్లో నెయ్యి, వేపుడు, పూరీ నిషిద్ధం.
2. కర్రీ పాయింట్‌లో ఉడికించిన కూర మాత్రమే.
3. ఆకలితో కొట్టుకు వెళ్లకూడదు.
4. ప్యాకెట్టు వెనక చదవకుండా ఏదీ కొనకూడదు.

ఇంత తేలికైన పని ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో!

జులై 8, మంగళవారం. బాపట్ల.

8:50. స్టేషను పక్క హోటలు. రెండు ఇడ్లీ, నెయ్యి వద్దు, కారప్పొడి వద్దు, సాంబారు వేరే గిన్నెలో అన్నాను. సర్వరు నా మొహం పరీక్షగా చూశాడు. "ఆసుపత్రి నుంచి వస్తున్నారా సార్?"

ఎదుట జనార్దనరావు గారు. మా లెక్కల లెక్చరరు. ఆయన ముందు పెసరట్టు ఉప్మా.

"మీరట్టా చూస్తా కూర్చుంటే నాకు దిగట్లేదు ప్రసాదం గారూ. సగం తీసుకోండి."

తీసుకోలేదు!

రాత్రి కర్రీ పాయింట్. ఉడికించిన కూర ఉందా అని అడిగాను.

"ఉడకని కూర ఎవరమ్ముతారు బాబుగారూ?"

దొండకాయ వేపుడు ఒక్కటే మిగిలింది. అది కూడా ఒకప్పుడు ఉడికే ఉంటుంది. తెచ్చుకున్నాను.

జులై 10, గురువారం. తెనాలి.

సూపర్ మార్కెట్‌కు వెళ్లాలి. ఆకలితో వెళ్లకూడదని నియమం. అందుకని వెళ్లేముందు బండి దగ్గర నాలుగు మిర్చి బజ్జీ తిన్నాను. నియమం పాటించాను.

ఓట్స్ కొన్నాను. చక్కెర లేని బిస్కెట్లు కొన్నాను. ప్యాకెట్టు వెనక అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ముందువైపు పచ్చటి ఆకు, పక్కన పరిగెడుతున్న సన్నటి మనిషి. నమ్మాను.

ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఒక పూటకు రెండు బిస్కెట్లే తినాలట. అప్పటికి ప్యాకెట్టులో పొడి మాత్రం ఉంది.

జులై 12, శనివారం.

కాటా: 91.5. ఓట్స్ బరువు కావచ్చు.

బసవేశ్వరరావు కాటా ముల్లు చూసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారండీ, అడుగుతున్నానని ఏమనుకోకండి. ఇంట్లో ఇప్పుడు ఎంతమందండీ?"

"ఒక్కణ్ణే."

"సరుకులు మాత్రం ఇద్దరివి వెళ్తున్నాయండి. అమ్మగారి చీటీ ప్రకారం."

గల్లాపెట్టె వెనక మేకుకు గుచ్చి ఉంది. పాలిథిన్ కవరు తొడిగి మరీ దాచాడు. నెలవారీ సరుకుల చీటీ. హెలెన్ చేతిరాత. నెయ్యి కేజీ. పంచదార రెండు కేజీలు. అప్పడాలు నాలుగు కట్టలు. వేరుశనగ గుళ్లు కేజీ. రాగిమాల్టు అరకేజీ. ఒకటో తారీఖున ఆటోలో సరుకులు వస్తాయి. నేను దింపుకుంటాను. పారేయడం మా ఇంట్లో అలవాటు లేదు. ఎనిమిది నెలలుగా ఇద్దరి తిండీ నేనే తింటున్నాను. రాగిమాల్టు ఆవిడ తాగేది. అదీ తాగుతున్నాను.

"సగానికి సగం కొట్టేసి ఇవ్వండి మాస్టారూ. వచ్చే నెల నుంచి అట్టాగే పంపిస్తా." పెన్ను ఇచ్చాడు.

చీటీ మొదటి నుంచి చదివాను. నెయ్యి దగ్గర ఆవిడ రెండు గీతలు గీసి "మంచిది చూసి" అని రాసింది.

పెన్ను సరిగ్గా రాయడం లేదని చెప్పి ఇచ్చేశాను. పెన్ను బాగానే ఉంది.

జులై 15, మంగళవారం. బాపట్ల.

ఉదయం ఉంగరం పావు చుట్టు తిరిగింది!! పావు చుట్టు!

ఇడ్లీ. సాంబారు వేరే గిన్నెలో. సర్వరు నన్ను చూడగానే "ఆసుపత్రి ప్లేటు ఒకటి" అని లోపలికి కేకేస్తున్నాడు.

పావు చుట్టు తిరిగిన సందర్భంగా జనార్దనరావు గారి పెసరట్టులో సగం తీసుకున్నాను.

జులై 17, గురువారం.

నిన్న సగంలో సగం. ఇవాళ దానిలో సగం. ఇలా తగ్గుతూ పోతే సున్నాకు చేరువవుతాను కదా అన్నాను.

"చేరతారు. కానీ అవన్నీ కూడితే ఒక పెసరట్టండీ." లెక్కల మనిషితో టిఫిన్ చేయకూడదు.

జులై 19, శనివారం. బాపట్ల.

స్టాఫ్ రూములో ఎవరిదో పుట్టినరోజు. రొయ్యల బిర్యానీ తెప్పించారు. రొయ్యల్లో కొవ్వు తక్కువని ఎక్కడో చదివాను. తీసుకున్నాను. రొయ్యలు ఆరు. మిగతాదంతా బిర్యానీ.

కాటా: ఎక్కలేదు. బియ్యం బస్తాలు దిగుతున్నాయి, అడ్డం ఎందుకని.

జులై 24, గురువారం.

నాలుగు రోజులుగా వాన. వానలో ఓట్స్ తినమని ఏ డాక్టరూ చెప్పడు. పునుగులు.

ఇంట్లో నెయ్యి ఇంకా అరకేజీ ఉంది. నెలాఖరు లోపల అవగొట్టాలి. లేకపోతే ఒకటో తారీఖుకు కొత్తది వచ్చిపడుతుంది.

ఉంగరం: తిరగలేదు.

జులై 27, ఆదివారం. రేపల్లె.

దానమ్మక్కకు మోకాలి ఆపరేషను బాగైనందుకు ఇంట్లో కృతజ్ఞతా కూడిక. పదింటి రైలుకు వెళ్లాను. దారిలో ఒక నియమం రాసుకున్నాను: మజ్జిగ అన్నం, అంతే.

అక్క నన్ను గుమ్మంలో చూసి చెంపన చెయ్యి వేసుకుంది.

"ఇదేంట్రా తమ్ముడూ, ఇట్టా చిక్కిపోయావు!"

"తొంభై రెండున్నానక్కా."

"మొహంలో కళ ఏదీ? హెలెన్ ఉంటే ఇట్టా వదిలేసేదా నిన్ను?"

పాస్టరు గారు ఆహారం కోసం చాలాసేపు ప్రార్థన చేశారు. నేను నా వేలి కోసం చేసుకున్నాను. కళ్లు తెరిచేసరికి విస్తరి నిండిపోయింది. రొయ్యల వేపుడు. చేపల పులుసు. ఎండు చేపలు.

"మజ్జిగ చాలక్కా."

"ఆసుపత్రిలో హెలెన్ నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? వదినా, ఆయన ఆకలేసినా అడగడు, చూసి పెట్టు అంది. నువ్వు తినకపోతే నేను దానికి ఏమని చెప్పుకోవాలి?"

ఈ మాట నాకు ఇవాళే తెలిసింది. తిన్నాను. రెండోసారి వడ్డించింది, తిన్నాను. ఎండు చేపలు మూడోసారి నేనే అడిగాను. వచ్చేటప్పుడు రొయ్యల పచ్చడి సీసా చేతిలో పెట్టింది.

తిరుగు రైల్లో భట్టిప్రోలు దాటేసరికి వేలు పొడుస్తోంది. అంత ఉప్పు తిన్నాక ఒళ్లంతా నీరు చేరదూ! తెనాలిలో దిగేసరికి వేలు వంకాయ రంగు.

6:30. స్టేషను నుంచి నేరుగా వీరాచారి ఇంటికి. ఆయన వేలు చూశాడు. ఉంగరం కింద సన్నటి రేకు దూర్చి, చిన్న రంపం తీశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలన్నాడు. నాలుగు పట్టింది.

ఉంగరం తీశాక వేలి కొలత తీసుకున్నాడు. "శనివారానికి కాస్త బంగారం కలిపి అతికించి ఇస్తానండి."

వేలి మీద తెల్లటి గాడి. నొక్కితే నొప్పి లేదు.

జులై 28, సోమవారం. బాపట్ల.

8:50. పూరీ చెప్పాను.

సర్వరు నమ్మలేదు. "పూరీయేనా సార్?"

జనార్దనరావు గారు నా చెయ్యి చూశారు. తనకు రెండు ఇడ్లీ చెప్పారు, నెయ్యి లేకుండా. ఈయన ఇడ్లీ తినడం నేను చూడటం ఇదే మొదటిసారి.

"ఉంగరం పోతే పోయింది, నియమం ఉంచుకోవచ్చు కదండీ," అన్నారు చివరికి.

ఇంకో పూరీ చెప్పాను.

జులై 30, బుధవారం.

పూరీ. మధ్యాహ్నం బిర్యానీ. సాయంత్రం తెనాలి స్టేషను బయట జిలేబీ, పావు కేజీ. ఎవరికి పార్సిలండీ అని బండివాడు అడిగాడు. ఇంట్లోకి అన్నాను.

ఆగస్టు 1, శుక్రవారం.

సరుకులు వచ్చాయి. నెయ్యి కేజీ. అప్పడాలు నాలుగు కట్టలు. రాగిమాల్టు అరకేజీ.

రాత్రి ఎనిమిదికి మాల్టు కలిపాను. తాగలేదు. ఎదుట పెట్టుకుని కూర్చున్నాను. పైన మీగడ కట్టింది.

ఆగస్టు 2, శనివారం.

వీరాచారి ఉంగరం ఇచ్చాడు. అతుకు నిజంగానే కనపడదు. తొడిగాను. చెయ్యి దించాను. జారి కింద పడింది.

ఆయన నాలుక కరుచుకున్నాడు. "వాపు మీద కొలత తీసుకున్నానండి. వాపు దిగిపోయింది. మళ్లీ కోసి తగ్గించనా?"

"వద్దు. ఒక్కసారి కోసింది చాలు."

"అయితే దారం చుట్టుకోండి మాస్టారూ. అమ్మగారికి చెబితే..." అని ఆగిపోయాడు. తర్వాత కొలిమి వైపు తిరిగి చాలాసేపు బొగ్గులు సర్దాడు.

ఇంటికొచ్చి హెలెన్ కుట్టుమిషను సొరుగు తెరిచాను. నవంబరు తర్వాత ఇదే. తెల్లదారం రీలుకు సూది గుచ్చి ఉంది. సూదికి దారం ఎక్కించే ఉంది.

ఉంగరానికి చుట్టాను. మొదటిసారి ఊడిపోయింది. రెండోసారి ముడి పడింది. మూడోసారి నిలిచింది. తొమ్మిది చుట్లు. అప్పట్లో ఆవిడ ఎన్ని చుట్టిందో నేను అడగనే లేదు.

ఆగస్టు 3, ఆదివారం.

చర్చి అయ్యాక బసవేశ్వరరావు కొట్టుకు వెళ్లాను. కాటా: 93. ఆ చీటీ నాకిచ్చేయండి అన్నాను. మేకు మీద నుంచి తీసి, పాలిథిన్ కవరు తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు. అక్కడే నిలబడి కొత్త చీటీ రాశాను. నెయ్యి పావుకేజీ, మంచిది చూసి. అప్పడాలు ఒక కట్ట. పంచదార అరకేజీ.

"రాగిమాల్టు కొట్టేద్దామాండీ?"

"ఉండనివ్వండి."

పాత చీటీ ఈ డైరీలో పెట్టాను.

కొత్త నిర్ణయం, ఈసారి గడువు లేదు. ఒళ్లు తగ్గే కొద్దీ ఉంగరం వదులవుతుంది, దారం చుట్లు పెరగాలి. ఇప్పుడు తొమ్మిది. క్రిస్మస్‌కు పదిహేను. ఇడ్లీ. సాంబారు వేరే గిన్నెలో. కళ్లద్దాలు చొక్కా జేబులో.

మధ్యాహ్నం 1:15. అక్క ఇచ్చిన రొయ్యల పచ్చడి అడుగున కొంచెం ఉంది. పారేయడం అలవాటు లేదు. వేడన్నంలో కలిపాను. ఈ దారంతో ఒక చిక్కుంది. ఉంగరం తినే చేతికే ఉంది. ఏం తిన్నానో దాచడానికి లేదు. కడిగాను, దారానికి ఎరుపు వదల్లేదు.

2:00. పాతది విప్పేసి కొత్త దారం చుట్టాను. తొమ్మిది చుట్లు, మళ్లీ మొదటి నుంచి. రేపు ఉదయం ఇడ్లీ.

రీలులో దారం ఇంకా చాలా ఉంది.