ఎర్ర దారం, నీలం దారం

మార్చి 4
నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. తిట్లు కూడా రాయమన్నాను. నాకు చదువు రాదు గానీ జ్ఞాపకం గట్టిది.

మా ముసలాయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాడు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతే బెలూన్‌తో తెరిచి, మళ్లీ మూసుకోకుండా లోపల స్టెంట్ పెట్టారు. పెన్ను స్ప్రింగులాంటి చిన్న జాలీ గొట్టం. రక్తం పలచన చేసే మాత్ర ఆపితే అందులో గడ్డ కడుతుందని డాక్టరమ్మ నాకే రెండుసార్లు చెప్పింది. నేనేమైనా చెవిటిదాన్నా?

మార్చి 5
నలభై ఏళ్లు లాండ్రీలో బట్టలకు దారం గుర్తులు కట్టాను. ఒకరి చొక్కా ఇంకొకరికి వెళ్లలేదు. మాత్రల షీట్లకూ అంతే. రక్తం మాత్రకు ఎర్ర దారం, రోజూ పొద్దున్నే. గ్యాస్ మాత్రకు నీలం, కడుపు మండితేనే. నన్ను కూడా ఉతికి ఆరేస్తావా అని ముసలాయన నవ్వాడు.

ఏప్రిల్ 2
పాత షీట్లు అయిపోయాయి. మందుల షాపువాడు ఈసారి వేరే కంపెనీవి ఇచ్చాడు. మందు అదేనట, పేరే మారిందట. పాతవి రంగు చూసి పోల్చేదాన్ని, ఇవి రెండూ వెండి రంగే. డ్యూటీ నుంచి వచ్చి చూస్తాను, ఆగమని కోడలు ఫోన్లో చెప్పింది. ఎందుకాగాలి? నేనే కట్టేశాను.

ఏప్రిల్ 9
ముసలాయనకు కడుపు మంటే లేదు. నీలం షీటు ముట్టనే లేదు. నా చెయ్యి మంచిది.

ఏప్రిల్ 11, పొద్దున ఆరు
ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. చొక్కా పిండితే చెమట.

అదే రోజు, పది గంటలకు
స్టెంట్‌లో గడ్డ కట్టిందట. మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. మాత్ర మానేశాడా అని డాక్టరమ్మ అడిగింది. నాకు ఒళ్లు మండింది. ఒక్క రోజు మానలేదు, నా చేత్తో నోట్లో వేశానన్నాను. రాయవే కోడలా, వీళ్లు పెట్టిన స్టెంటే పనికిమాలినది. కేసు వేస్తాను.

ఏప్రిల్ 12
కోడలు ఇంటి నుంచి షీట్లు తెచ్చి చదివింది. ఎర్ర దారం గ్యాస్ మాత్రకు ఉంది. నీలం దారం షీటులో ఒక్క మాత్రా తగ్గలేదు. అదే రక్తం మాత్ర.

తప్పు నీది కాదత్తయ్యా, షాపువాడు చెప్పాల్సింది అంటోంది. ఆ మాట రాయొద్దన్నాను. రాసింది.

డాక్టరమ్మకు నేనే వెళ్లి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే ఎదురు చెప్పేదాన్ని. కుర్చీ లాగి కూర్చోమంది.

ఏప్రిల్ 13
ఐసీయూలోకి ఐదు నిమిషాలు పంపారు. నోట్లో గొట్టం. మాట లేదు. చేతికి చీటీ కట్టారు. ఏం రాసుందో చదవమని నర్సును అడిగాను. ఆయన పేరేనంది.

ఇంకోసారి చదవమన్నాను.