టెంటులో నా చోటు

మార్చి 3, మంగళవారం

తోడల్లుడు ఫోన్ చేశాడు. ఇరవయ్యో తేదీ నుంచి చెరువు ఒడ్డున క్యాంపింగ్ అట. రెండు రాత్రులు. చోటు బుక్ చేసేశాడు, మాకోసం ఒక టెంటు కూడా కొనేశాడు. ముందు అడగడం ఆయన అలవాట్లలో లేదు. పాపకి అప్పటికి సరిగ్గా ఎనిమిది నెలలు నిండుతాయి. అంత పసిదాన్ని పెట్టుకుని టెంటులో ఎలా పడుకుంటాం అన్నయ్యా అని గొణిగాను. పిల్లలు ఎక్కడైనా పడుకుంటారు తమ్ముడూ, పేచీ అంతా పెద్దవాళ్ళతోనే అని పెద్దగా నవ్వాడు. సరదాకే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, వస్తున్నాం బావా అని చెప్పేసింది.

మార్చి 5

పాపని ఇంట్లో ఇన్‌స్పెక్టరు అంటాం. ఏ వస్తువు దొరికినా ముందు ఎగాదిగా చూసి, తిరగేసి చూసి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకుంటుంది.

మా ఇంట్లో పడకల లెక్క ఇది. పడకగదిలో మా ఆవిడ. ఆమె మంచానికి ఆనించి చిన్న మంచంలో ఇన్‌స్పెక్టరు. హాల్లో కింద పరుపు వేసుకుని నేను. సెప్టెంబరు నుంచీ ఇంతే. కారణం నా గురక. గురక అబద్ధమేమీ కాదు, ఫోన్‌లో రికార్డు చేసి మరీ వినిపించాను. మా ఆవిడ చివరిదాకా విని, వార్డులో దీని తాతల్లాంటివి విన్నాను అంది. ఆమె నర్సు.

ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి మళ్ళీ డ్యూటీలో చేరుతోంది. వారానికి మూడు నైట్లు. ఆ మూడు రాత్రులూ ఇన్‌స్పెక్టరు పక్కన నేనే పడుకోవాలి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరమూ ఎత్తడం లేదు.

మార్చి 9

టెంటు వచ్చింది. పొడవూ వెడల్పూ రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. సంచి మీద ముగ్గురికి అని రాసి ఉంది. నేను గోదాములో సేఫ్టీ ఆఫీసర్ని కాబట్టి కొలతలు తీయకుండా ఉండలేను. గళ్ళ కాగితం మీద ప్లాను గీశాను. ఎడమ గోడకి బెత్తెడు దూరంలో ఇన్‌స్పెక్టరు పరుపు, గట్టిది, దిండు లేదు, దుప్పటి లేదు, ఒంటికి మందపాటి సూటు. మధ్యలో మా ఆవిడ. కుడివైపు బ్యాగులు.

మా ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి, నువ్వెక్కడ అంది. కారులో అన్నాను. సీటు వాలుతుంది, గాలి బాగా వస్తుంది, గురక ఎవరికీ వినపడదు అని మూడు కారణాలు కూడా చెప్పాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో దోపింది.

మార్చి 11

హాల్లో టెంటు వేసి చూశాం. ఇన్‌స్పెక్టరు లోపలికి పాకి, నాలుగు మూలలూ తనిఖీ చేసుకుని, మధ్యలో పడుకుని నిద్రపోయింది. నేను బయట కూర్చుని జిప్పు సరిచేశాను.

మార్చి 14, శనివారం

గోదాములో ఒక పెట్టె పైఅర లోంచి జారి, మనిషికి మూరెడు దూరంలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడి పనివాళ్ళు తుడిచేసి ఊరుకున్నారు. కెమెరాలో చూసి నేను అందర్నీ నిలబెట్టాను. ప్రమాదం తప్పిపోయినా సరే, ఆ రోజే నియర్ మిస్ ఫారం నింపాలి, నింపినవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఈ రూలు పెట్టింది నేనే. దాచిపెట్టడమే అసలు తప్పు అని అరగంట వాయించాను. ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఫారం అతని చేతిలో పెట్టి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ బట్టలు మడత పెడుతోంది. గొంతు పెంచకుండా చెప్పింది. రాత్రిళ్ళు పాపని చూసుకోవడం నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్యి, రాజీనామా రాసేస్తాను, బతిమాలను మాత్రం అంది. పదకొండేళ్ళ సర్వీసు. ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం.

చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. డైపర్లు సరిపడా ఉన్నాయా అని అడిగాను.

మార్చి 20, శుక్రవారం

చేరాం. చెరువు, గడ్డి, పద్నాలుగు టెంట్లు. తోడల్లుడు తన టెంటు నాలుగు నిమిషాల్లో నిలబెట్టి, మేం కుస్తీ పడుతుంటే పక్కన నిలబడి సలహాలిచ్చాడు. వదిన ఇన్‌స్పెక్టర్ని ఎత్తుకుని ఆయన్ని లోపలికి పొమ్మంది.

రాత్రి 10.30

ఇద్దరూ నిద్రపోయారు. నేను బయట మడత కుర్చీలో ఉన్నాను. దోమలకి పండగే.

మార్చి 21, ఉదయం

రాత్రంతా కుర్చీలోనే కునికాను. నాలుగింటికి మా ఆవిడ జిప్పు కొంచెం తీసి చూసింది. చూసి, మళ్ళీ వేసేసుకుంది.

మార్చి 21, సాయంత్రం 5

చెప్పేశాను.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు టెంటులో నిద్రపోతోంది. తోడల్లుడూ వదినా పడవ ఎక్కారు. మా ఆవిడ పాప పక్కన కూర్చుని, నా మొహం చూడకుండా, తిరిగి వెళ్ళగానే రాజీనామా ఇచ్చేస్తానంది. నేను మోకాళ్ళ మీద లోపలికి వెళ్ళి జిప్పు వేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. గోదాములో మా వాళ్ళ చేత ఫారం రాయించినట్టే చెప్పాను. తేదీ, టైము, చోటు, జరిగింది.

సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం, మధ్యాహ్నం రెండు ముప్పావు. హాల్లో సోఫా. వరసగా రెండు షిఫ్టులు చేసి వచ్చాను. పాపకి యాభై ఆరు రోజులు. మా ఆవిడ స్నానానికి వెళ్తూ నా గుండెల మీద పడుకోబెట్టింది. నిద్రపోనని నేనే అన్నాను. కళ్ళు తెరిచేసరికి గోడ గడియారంలో పదకొండు నిమిషాలు గడిచిపోయాయి. పాప నా గుండెల మీద లేదు. నా మోచేతికీ సోఫా దిండుకీ మధ్య ఇరుక్కుని ఉంది, మొహం లోపలికి. లాగాను. మెడ వేలాడింది. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టినట్టు గుర్తు. ఐదు దగ్గర ఏడ్చింది.

బాత్రూంలోంచి మా ఆవిడ, ఏమైంది అని కేకేసింది. ఆకలేమో అన్నాను. అదే నా రిపోర్టు. ఆ రాత్రే హాల్లోకి మారాను. నాకు పాపంటే భయం లేదు, నా నిద్రంటే భయం. నిద్రలో నేను ఏం చేస్తానో నాకు తెలియదు, ఏం చేశానో లేచాక గానీ తెలియదు. ఇదంతా చెప్పాను.

ఆమె ముందు నర్సులాగే అడిగింది. పెదాలు ఏ రంగులో ఉన్నాయి. ఏడ్చాక గొంతు మామూలుగా ఉందా. ఆ సాయంత్రం పాలు తాగిందా. అన్నీ చెప్పాను. తర్వాత ఇన్‌స్పెక్టరు పొట్ట మీద చెయ్యి వేసి, అది లేచి పడటం చూస్తూ చాలాసేపు కూర్చుంది.

అప్పుడు మొదలైంది. ఆ రోజే చెప్పి ఉంటే చెడామడా తిట్టి, ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించి ఉండేదాన్ని అంది. ఆరు నెలలు. ఈ ఆరు నెలలూ నువ్వు మా ఇద్దర్నీ వద్దనుకున్నావని అనుకున్నాను, అక్క దగ్గర ఏడ్చాను కూడా అంది. వార్డులో ఎవరైనా ఇలా దాస్తే తనే సస్పెండ్ చేయిస్తానంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. నీళ్ళ సీసా నా వైపు తోసి బయటికి వెళ్ళిపోయింది.

మార్చి 21, రాత్రి 8.30

మా ఆవిడ తీర్పు చెప్పింది. ఈ రాత్రి తను వదిన టెంటులో పడుకుంటుంది. ఇందులో పాపా నేనూ మాత్రమే. తోడల్లుడు కారులోకి. ఆయన ఇదేం న్యాయమని లబలబలాడాడు, నడుం నొప్పి అన్నాడు, టెంటు కొన్నది తనేనన్నాడు. వదిన దిండు ఆయన చేతికిచ్చి పంపేసింది.

అది సోఫా, నువ్వు రెండు షిఫ్టులు చేసిన మనిషివి, ఇది నేల, నువ్వు పొద్దున్నుంచీ ఖాళీగా ఉన్నావు, రెండూ ఒకటి కాదు అంది మా ఆవిడ. పరుపుల మధ్య చేతిని చాపి కొలిచింది. తన చేతికి ఒకటిన్నర రెట్లు. పాప కదిలితే శబ్దం వస్తుంది, లేస్తావు అంది.

ఒక షరతు పెట్టింది. కూర్చుని కాపలా కాస్తే లెక్కలోకి రాదు. వారానికి మూడు రాత్రులు మేలుకుని ఏ మనిషీ బతకలేడు, పొద్దున గోదాముకెళ్ళి ఎవరిమీద పెట్టె పడేస్తావో. పడుకోవాలి. నిద్రపోవాలి.

11.15

కూర్చునే ఉన్నాను. ఇన్‌స్పెక్టరు వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పైకెత్తి లొంగిపోయినట్టు నిద్రపోతోంది. ఊపిరి నిమిషానికి ముప్ఫై. మూడు సార్లు లెక్కపెట్టాను.

12.40

పడుకున్నాను. కళ్ళు మూయలేదు.

1.50

ఏడ్చింది. నేను అప్పటికే లేచి ఉన్నాను. పాలు పట్టాను. సీసా అంతా తాగి, నా చొక్కా గుండీని కాసేపు పరీక్షించి, నిద్రపోయింది. నా ఒళ్ళోనే. సోఫా తర్వాత నా ఒళ్ళో నిద్రపోవడం ఇదే మొదటిసారి. తీసుకెళ్ళి తన పరుపు మీద పడుకోబెట్టాను. మొహం పైకే ఉందని రెండుసార్లు చూసుకున్నాను. దానికి మాత్రం ఏ అనుమానమూ ఉన్నట్టు లేదు.

మార్చి 22, ఆదివారం

రెండింటి తర్వాత ఏమీ రాయలేదు. ఎందుకంటే నిద్రపోయాను. ఆరుంపావుకి మెలకువ వచ్చింది. మొదట చూసింది దాని పొట్ట. లేస్తోంది, పడుతోంది. మళ్ళీ చూశాను. అదే.

బయటికి వస్తే మా ఆవిడ మా టెంటు ముందు గడ్డిలో కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చావు అని అడిగాను. నీ గురక చెరువు అవతలికి వినపడింది, అందుకే లోపలికి రాలేదు అంది. ఆమె కోపం ఇంకా పోలేదు, అది మొహంలోనే తెలుస్తోంది. రాజీనామా మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

తోడల్లుడు కారు దిగి నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మార్చి 27

హాల్లోంచి పరుపు తీసేశాను. మా ఆవిడ చూసింది. మంచం మీద తన దిండు కొంచెం అటు జరిపింది.

ఏప్రిల్ 1, రాత్రి 9.40

మా ఆవిడ డ్యూటీకి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు నిద్రపోయింది. నాకూ నిద్ర వస్తోంది.